గుమ్మం ముందు విప్పిన బూట్లు

పరాయి దేశం చూడ్డానికొచ్చిన ఆ భార్యాభర్తలు పళ్ల డాక్టరు దగ్గర్నుంచి బయటికొచ్చి, ఫుట్‌పాత్ మీద నిలబడిపోయారు. ఆయన కాళ్లకు మేజోళ్లు తప్ప ఏమీ లేవు.

“నా బూట్లేవే?”

“గుమ్మం ముందు విప్పారా? నన్ను ముందు లోపలికి పంపి మీరు చేసిన నిర్వాకం ఇదా?”

“డాక్టరు గదిలోకి బూట్లతో వెళ్లడం నా వల్ల కాదు. పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ వెళ్లలేదు.”

“ఈ ఊళ్లో వద్దనుకున్న సామాన్లు ఫుట్‌పాత్ మీద పెడతారండీ. కావలసినవాళ్లు పట్టుకుపోతారు. మనం దిగిన ఇంటావిడ నిన్న మీకే కదా చెప్పింది!”

“చెప్పింది.”

“మరి? ఆ నవ్వేంటి? అంటే, తెలిసే విప్పారా! మా తమ్ముడు ముచ్చటపడి ఇచ్చిన బూట్లండీ!”

“కరుస్తుంటే ఎన్నాళ్లని ఓర్చుకోనే? మీ తమ్ముడు నొచ్చుకుంటాడని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.”

“అయ్యో రాత! వాణ్ణీ కరిచాయనే మీకిచ్చాడండీ! మీకు చెప్పనని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు.”

“ఆఁ! అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి నా కాళ్ల మీద పడ్డారన్నమాట! నవ్వకే, ఇప్పుడే పన్ను పీకించుకున్నావు.”

“ఆగట్లేదండీ! అదుగో, మలుపులోంచి వస్తున్న పెద్దమనిషి కాళ్లకున్నవి మీవేనా?”

“నావే! పాపం, కుంటుతున్నాడు. ఇటే వస్తున్నాడేంటి?”

“విప్పేస్తున్నాడు! ఎక్కడ తీసుకున్నాడో అక్కడే పెట్టేస్తున్నాడండీ!”

“నా మేజోళ్ల వంక జాలిగా చూస్తున్నాడే. తీసుకోమని చెయ్యి చూపిస్తున్నాడు!”

“దణ్ణం పెట్టి పరుగెత్తండి!”