సముద్రపు రాక్షసుడి మీద సాక్ష్యం

మనుషులు ఓడలెక్కి కొత్తగా ఐస్‌లాండ్‌లో దిగుతున్న రోజులు. ఒడ్డున కోల్‌గ్రిమ్, అతని భార్య ఆస్‌గెర్డ్. ఇసుకలో రెండు చెక్కడపు స్తంభాలు.

“స్కెగ్గిగాడంత దగుల్బాజీ నార్వేలో కూడా పుట్టలేదే! ఇంటి యజమాని కూర్చునే పెద్దపీటకుండే ఈ స్తంభాలు ఓడలోంచి సముద్రంలో వేశాడట. రాక్షసుడు ఏగిర్ వాటిని ఏ ఒడ్డుకు తోస్తే ఆ ఒడ్డు వాడిదట!”

“కొత్తగా దిగేవాళ్ళంతా చేసేదేగా. నువ్వు మాత్రం వెయ్యలేదూ?”

“నేను వేస్తే ఏగిర్ మింగి కూర్చున్నాడు. వాడివి మోసుకొచ్చి పెట్టాడా?”

“నిప్పు పట్టుకుని ఈ ఒడ్డు చుట్టి రావయ్యా, అప్పుడు మనదవుతుంది అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!”

“గాలికి కాగడా ఆరిపోతుంటే…”

“నీ బద్ధకానికి ఆరింది. అదిగో, మనుషుల్ని వెంటేసుకుని వస్తున్నాడు. ఏం చెప్తావు?”

“ఏగిర్ తేలేదని చెప్తా.”

“మరెవరు తెచ్చారు?”

“ఎవరో.”

“ఎవరో అంటే?”

“ఎవరో అంటే ఎవరోనే!”

“ఏమయ్యా, ఆ స్తంభానికున్న తాడు… మన చుక్కావుది కాదూ?”

“మెల్లగా ఏడువు!”

“ఓరి నీ… నువ్వా?”

“కొండ అవతల, గడ్డిపరకైనా మొలవని రాళ్ళలో పడున్నాయే. ఈ దేశంలో చెట్టంటే నా మోకాలంత. ఇంటికి దూలాలవుతాయని లాక్కొచ్చా.”

“దేవుడి ముఖం చెక్కి ఉంటే కనపళ్ళేదా?”

“బోర్లా వేసి లాగాను.”

“కోల్‌గ్రిమన్నా! వదినా! చూశారా ఏగిర్ దయ!”

“ఇదుగో స్కెగ్గీ, రాక్షసుడికి వేరే పనిలేదా? ఎవడైనా లాక్కొచ్చి పడేశాడేమో!”

“అయ్యుండొచ్చన్నా. అప్పుడు నాకొచ్చేది కొండవతల రాళ్ళే. వాడెవడో ముందుకొచ్చి ఒప్పుకుంటే రాళ్ళలోకే పోతా. దేవుడి స్తంభం దొంగిలించినవాణ్ణి మళ్ళీ మనుషుల్లో ఉండనివ్వరు, అది వేరే సంగతి.”

“కొండవతలని నీకెలా తెలుసు మరిదీ?”

“ఇలా దగ్గరికి రా వదినా, మావాళ్ళు వింటారు. ఓడలోంచి చూస్తూనే ఉన్నా. ఆపుదామనే అనుకున్నా. ఇంతలో అన్న ఈ పచ్చికవైపు తిరిగాడు… పాపం, ఎంత చెమట! ఊఁ, అన్నా, మావాళ్ళు సాక్ష్యం అడుగుతున్నారు. ఎవరు తెచ్చారంటావు?”

“…ఏగిర్.”

“గట్టిగా చెప్పయ్యా. మనుషుల్లో ఉండాలని లేదా?”

“ఏగిరే! మహానుభావుడు! వాగు నోటి నుంచి పక్షిగుడ్ల బండ దాకా ఒడ్డంతా, ఆ పైన పన్నెండు ఆవుల బీడు, ఒక్క అలతో తెచ్చి వీడి చేతిలో పెట్టాడు!”