మిషన్ ఆగేదాకా

రాజమండ్రి ఆసుపత్రిలో కాలికి కట్టుతో పడుకున్న పొరుగింటావిడను చూడటానికి ఆమె వచ్చింది. ఆరేళ్లపాటు ఇద్దరూ రోజూ పొద్దున్నే గోదావరి గట్టున కలిసి నడిచారు. ఈమధ్య నెల రోజులుగా పొరుగింటావిడ ఒక్కతే నడిచింది.

"ఎలా పడ్డారు వదినగారూ?"

"రేవు మెట్టు చూసుకోలేదండి. పక్కన ఎవరూ లేరు."

"నేను ఉండాల్సింది. ఆ వణికే మిషన్ కొన్నాక నడక మానేశాను. పది నిమిషాలు దానిమీద నిలబడితే గంట నడిచినట్టేనని షాపులో చెప్పారు."

"మరి ఏమైనా గుణం కనిపించిందా?"

"కనిపించిందండి. పిక్కలు గట్టిపడ్డాయి, మోకాళ్ల బిగుతు తగ్గింది. మీ ముందు ఆ మాట చెప్పడానికే సిగ్గుగా ఉంది."

"అందులో సిగ్గెందుకండి?"

"నడకకు రానని మీతో ఒక్క మాటైనా చెప్పలేదు. మీరే తెలుసుకుంటారులే అనుకున్నాను."

"తెలీలేదండి. ఆరింటికి మీ గేటు దగ్గరికి వచ్చేదాన్ని."

"అయ్యో, పిలవలేదేం?"

"లోపల మిషన్ చప్పుడు వినిపించేది. అది ఆగాక వస్తారేమోనని కాసేపు నిలబడేదాన్ని."

"అలా ఎన్ని రోజులు నిలబడ్డారు?"

"పడ్డ రోజు కూడా నిలబడ్డానండి."