ఏడు మెషిన్లు, ఒక వేర్ల కట్ట

పసిఫిక్ సముద్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, చచ్చిన కంప్యూటర్‌ని మళ్ళీ లేపగలిగిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే, ఎపరామాని. అంటే, నేను విన్నంతలో. నేను వినేది మా దీవిలోని వైనికోరో ఆసుపత్రి వెనక చాప మీద చేరే నలుగురి మాటలే అనుకోండి.

ఆ శుక్రవారం సాయంత్రం చాప మీద ముగ్గురమే ఉన్నాం. ఆంబులెన్స్ నడిపే ఇసికేలి నాకు బావ వరస, కనక నన్ను ఏమన్నా చెల్లుతుంది. కంప్యూటర్‌లో పిల్లల టీకాల రిజిస్టర్ చూసే లోసానా అక్క కుడి మణికట్టుకి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. తుఫాను వచ్చి, నేను చూసుకునే ఆసుపత్రి సర్వర్ గదిని ముంచి మూడు వారాలైంది. అప్పట్నుంచీ ఆవిడ ఊరూరా తిరిగి, తల్లుల దగ్గరున్న కార్డులు చూసి, పదకొండు వందల మంది పిల్లల టీకాలు నోట్‌బుక్కుల్లో చేత్తో ఎక్కిస్తోంది. సగం కూడా కాలేదు. బ్యాకప్ నుంచి రిజిస్టర్ తిరిగొస్తుందా అని ఆవిడ రోజూ అడుగుతోంది, నేను రోజూ రేపంటున్నాను.

వస్తూ వస్తూ దంచి నీళ్ళలో కలుపుకుని తాగే యాంగోనా వేర్ల కట్ట ఒకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. అప్పటికే కలిపిన యాంగోనా ఉంది, కొబ్బరి చిప్ప చేతులు మారుతోంది, నాలుక మొద్దుబారింది. నేను మొదలెట్టాను.

"తుఫాను రోజు నేనేం చేశానో చెప్పానా?"

"నాలుగుసార్లు," అన్నాడు ఇసికేలి ఆవలిస్తూ.

"అవి పైపైన చెప్పినవి. మన సర్వర్ చూడ్డానికి ఒక్క పెట్టే గానీ లోపల ఏడు కంప్యూటర్లు కాపురముంటాయి. మందులకొకటి, ల్యాబుకొకటి, టీకాలకొకటి, అలాగ. వర్చువల్ మెషిన్లంటే ఒళ్ళు లేని జీవాలు. పెట్టె పోతే ఏడూ ఒకేసారి పోతాయి, అందుకే వాటి నకలు వేరే డిస్కులో దాస్తాం. గదిలో నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి. నేను వెళ్ళి ఆ డిస్కు పట్టుకొచ్చా. అంతే."

"మొన్న మోకాలి దాకా అన్నావు."

"వెళ్ళేప్పుడు చీలమండ, బావా. డిస్కు అందుకునేసరికి మోకాలు, వెనక్కి తిరిగేసరికి మెడ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తలుపు బిగుసుకుపోయింది. డిస్కు పళ్ళతో కరిచి పట్టుకుని కిటికీలోంచి ఈదుకుంటూ పోయా. దారిలో ఒక ఆవు అడ్డమొస్తే తప్పుకోమన్నా, తప్పుకుంది."

"నోట్లో డిస్కు ఉండగా ఎలా అన్నావు?"

"కళ్ళతో. ఇంటికెళ్ళేసరికి డిస్కు నిండా నీళ్ళే. మా అమ్మ రాళ్ళ పొయ్యిలో చేప కాలుస్తోంది. చేప పక్కనే డిస్కుని కూడా చేమాకులో చుట్టి పెట్టా. అరగంటకి తీసి దులిపి, బిగించి, రిస్టోర్ నొక్కా. ఒక్క చిప్ప తాగేలోపు ఏడూ లేచి కూర్చున్నాయి. లేవడమంటే అలా ఇలా కాదు. ల్యాబు మెషిన్ ఇంకా తియ్యని రక్తానికి రిపోర్టులిచ్చింది. ఐదేళ్ళ కిందట తీసి పారేసిన మెషిన్ ఒకటి ఎక్కణ్ణుంచో లేచొచ్చి నా పాస్‌వర్డేదీ అంది. ఇంతలో సూవా పెద్దాఫీసు నుంచి ఫోను, మాది ఒకటి కనబడట్లేదు, పొరపాట్న మీ దగ్గర లేచిందా అని."

"మరి టీకాలది?" అంది లోసానా అక్క. 

"అది అన్నిటికంటే బాగా లేచిందక్కా. వచ్చే ఏడు పుట్టబోయే పిల్లలు కూడా పేర్లతో సహా..."

"అయితే రేపు నేను కొండ మీది ఊళ్ళకి వెళ్ళక్కర్లేదన్నమాట." ఆవిడ మణికట్టు నొక్కుకుంది. "బస్సు పొద్దున్నే ఐదింటికి. అక్కర్లేదని చెప్పు, పడుకుంటాను."

నేను చిప్ప చాప మీద పెట్టేశాను.

"ఆరేళ్ళుగా ఈ చాప మీద ఊరికే తాగుతున్నావు," అన్నాడు ఇసికేలి తాపీగా. "ఏనాడూ ఒక్క వేరు తేలేదు. ఇవాళ కట్టకి కట్ట తెచ్చి తిన్నగా అక్క ముందు పెట్టావు. మన వాళ్ళు అలా పెట్టేది తప్పు ఒప్పుకోడానికే కదా. ఆ తప్పేదో చెప్పెయ్, నిద్రొస్తోంది."

"రిజిస్టర్ లేదక్కా," అన్నాను. "డిస్కు తడవనే లేదు. పై అంతస్తులో అలమరాలో ఉంది. రెండేళ్ళుగా రోజూ పొద్దున బ్యాకప్ అయిందని ఆకుపచ్చ టిక్కుతో మెయిల్ వచ్చేది. టిక్కు చూసి టీకి పోయేవాణ్ణి. ఒక్కనాడూ తిరిగి లేపి చూడలేదు. బ్యాకప్ పెట్టిన మొదటిరోజు, పనిచేస్తుందో లేదో చూద్దామని, నకలు తియ్యాల్సినవాటి జాబితాలో ఒక్క మెషిన్ పేరే ఎక్కించా. మిగతా ఆరూ సోమవారం ఎక్కిద్దామనుకున్నా."

"ఏ సోమవారం?"

"అదింకా రాలేదు, బావా."

లోసానా అక్క సంచి దగ్గరికి లాక్కుంది. అందులోంచి నాలుగు ఖాళీ నోట్‌బుక్కులు తీసి నా ఒళ్ళో పడేసింది. "ఐదింటికి బస్సు," అంది. అప్పుడు గానీ కట్ట మీద చెయ్యి వేసి, మన్నించినట్టు మూడుసార్లు చప్పట్లు కొట్టలేదు. ఇసికేలి కూడా కొట్టాడు, కళ్ళు మూసుకునే.

"ఆ ఒక్క మెషిన్ అయినా లేచిందా?" అంది ఆవిడ.

"లేచింది."

"ఎవరిది?"

"నాదే. రగ్బీ సెవెన్స్ ఆటల వీడియోలు దాచుకునేది. నాలుగు వందల పన్నెండు ఆటలక్కా. ఒక్క నిమిషం కూడా పోలేదు."