ప్రేమదాసు తుడిచిన బొట్టు

ఎవరిల్లంటావు, ఎదురుగా సెల్‌ఫోన్ల కొట్టు ఉందే, అదా? పైన సిమెంటు సిలువ ఇంకా అలాగే ఉంది, పగలగొట్టడానికి వాళ్ళకి చేతులు రాలేదేమో. అది ప్రేమదాసుగారిల్లే సుధా. సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవాడు. పోయి చాలా ఏళ్ళయిందిలే, మీ అమ్మకి బాగా తెలుసు. భార్య పేరు రత్నమణి. ఆవిడెలా ఉండేదంటే... ఆగు, ఆ కిటికీ రెక్క వెయ్యి, హైవే మీద లారీల మోత నా చెవుల్లోనే ఉంది. ఆఁ, రత్నమణి. ఆవిడది వత్సవాయి వైపు, పొలాలున్న కుటుంబం. టీచర్ ట్రైనింగులో ఉండగా ప్రభువుని నమ్ముకుంది. మునేరు ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకుని, బొట్టు తీసేసి ఇంటికెళితే వాళ్ళ నాన్న గుమ్మంలోనే ఆపేశాడట. "ఆ బోసి నుదురుతో నా గడప తొక్కావంటే ఊరుకోను. బొట్టు పెట్టుకుని రా, లేదంటే అటే పో" అన్నాడట. అటే వచ్చేసింది. తల్లి పోయినప్పుడు కూడా రానివ్వలా. ప్రేమదాసుగారు పుట్టుకతోనే క్రైస్తవుడు. అయినా "మాది పేరుకే భక్తండీ, నిజంగా నమ్మింది మా రత్నమే" అనేవాడు నవ్వుతూ.

మా అత్తగారి సంగతి నీకు తెలీదు కదూ? మీ తాతయ్య చంటిపిల్లాడుగా ఉండగానే మొగుడు పోయాడు. ఇక అప్పట్నించీ పేరంటానికి పిలుపు లేదు, ఎవరైనా పనిమీద వెళ్తుంటే ఎదురు రాకూడదు. సొంత కొడుకు పెళ్ళి, అంటే నా పెళ్ళేనే, తలుపు వెనకాల నించుని చూసింది. మా అమ్మే "వదినగారూ, మీరు కాస్త లోపలుండండి" అంది. నవ్వుతావేం? ఇప్పుడెవరు పట్టించుకుంటారంటావా? పట్టించుకుంటారే, నోటితో అనరంతే. మొన్న మీ అత్త సీమంతంలో నన్ను పీట దగ్గరికి ఎవరు పిలిచారు? మీ తాతయ్య పోయాక నేను ఫొటోల్లో కూడా చివరే. సరే, పోనీ. అలాంటి మా అత్తగారిని రత్నమణి, తన కూతురు కమలాకుమారి పెళ్ళికి చేయి పట్టుకు తీసుకెళ్ళి చర్చిలో ముందు బెంచీ మీద కూర్చోబెట్టింది. పెళ్ళికూతురి తల మీద మొదటి పూలు ఆవిడ చేతే వేయించింది. ఇంటికొచ్చాక మా అత్తగారు చేతులు చూసుకుంటూ కూర్చుంది. అన్నం తినలా ఆ పూట.

తర్వాత రత్నమణికి జబ్బు చేసింది, పోయింది. భర్త ఉండగానే పోయింది కాబట్టి మన లెక్కలో పుణ్యస్త్రీ. వీధి ఆడవాళ్ళమంతా అక్కడే ఉన్నాం. నందిగామ నించి పాస్టరుగారు ఇంకా రాలా. మా అత్తగారు లేచి మనింటికొచ్చి నా కుంకుమ భరిణ తీసుకెళ్ళింది. మనవాళ్ళలో ఎవరికీ ఆవిడ బొట్టు పెట్టకూడదు కదా. వీళ్ళకి ఆ పట్టింపుల్లేవు, ఇక్కడ నన్నెవరాపుతారు అనుకుంది. పిచ్చితల్లి, వాళ్ళు అసలు బొట్టే పెట్టుకోరన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. రత్నమణి నుదుట ఇంత బొట్టు పెట్టి "మహాలక్ష్మిలా వెళ్ళిరా తల్లీ" అంది. ప్రేమదాసుగారు పక్క గదిలోంచి వచ్చి చూశాడు. భుజం మీద తువ్వాలు కొస నీళ్ళలో తడిపి తుడిచేశాడు. పాపిట దగ్గర కాస్త ఎరుపు మిగిలితే అదీ తుడిచాడు. "విధవ చెయ్యి వాళ్ళకి కూడా పనికిరాలా చూశావా" అని ఎవరో గొణిగారు. మా అత్తగారు విన్నది. ఇంటికొచ్చి పంపు కింద ఆ చెయ్యి కడుక్కుని, కడుక్కుని, తలుపేసుకుంది.

ఇక ఈ వీధిలో ఆయన్ని పలకరించిన వాళ్ళు లేరు. చర్చిలో మనుషులుంటారుగా అంటావా? అక్కడ పాస్టరుగారు మైకులో "మన సహోదరుడు అన్యుల ఎదుట విశ్వాసం నిలబెట్టుకున్నాడు, స్తోత్రం" అన్నాడట. అందరూ చప్పట్లు. ఈయన లేచి, "అయ్యగారూ, ఆ బొట్టు పెట్టింది మా ఎదురింటి మామ్మగారు, ప్రేమతో పెట్టింది. దానికి చప్పట్లు కొట్టొద్దండి" అన్నాడట. దాంతో వాళ్ళకీ కానివాడైపోయాడు. కూతురేమో ఎక్కడో ఒంగోలు దగ్గర. పొద్దున పూట వసారాలో ఒక్కడే బైబిలు చదువుకుని, ఒక్కడే పాట పాడుకునేవాడు. అంతకు ముందు ఆ పాట ఇద్దరు పాడేవాళ్ళు. రత్నమణి అందుకునే చోట ఆగేవాడు సుధా, మళ్ళీ తనే పాడుకునేవాడు. ఇటు వంటింట్లో నాకు చెయ్యి ఆడేది కాదు.

నేనే ఉండబట్టలేక ఓరోజు పాలపాకెట్ల దగ్గర చెప్పా, "మా అత్తగారు విధవయ్యాక ఇంకొకరికి బొట్టు పెట్టడం అదే మొదలండీ" అని. ఆయనకి నిజంగా తెలీదు! వాళ్ళిళ్ళల్లో ఆ గోల లేదుగా. ఆ సాయంత్రం మన గుమ్మంలోకొచ్చి, "మామ్మగారూ, దాసునమ్మా. నాకు తెలీదు" అన్నాడు. మా అత్తగారు గది తలుపు తెరవలా. లోపల్నించే అడిగింది, "దాసూ, నువ్వు అబద్ధం ఆడవుగా. అదే బొట్టు మా చూడామణి పెట్టి ఉంటే ఉంచేవాడివా?" చూడామణంటే నేనే, అప్పటికి మీ తాతయ్య ఉన్నాడు, ముత్తైదువని. పెద్దావిడ, ఏడుస్తోంది, "ముందే తెలిస్తే మీ బొట్టు ఉంచేసేవాణ్ని మామ్మగారూ" అంటే ఏం పోయింది? నేనైతే అదే అందును. నువ్వూ అంతే. ఆయన ఆ మాట అనలేకపోయాడు. "ఎవరు పెట్టినా తుడిచేవాణ్నేనమ్మా. మా అమ్మ పెట్టినా తుడిచేవాణ్ని. ఆ నుదురు కోసం రత్నం పుట్టిల్లు పోగొట్టుకుంది" అన్నాడు. అయిపోయింది, ఇక ఈ జన్మకి ఆ తలుపు తెరుచుకోదు అనుకున్నా. గడియ తీసిన చప్పుడైంది. మా అత్తగారు ఆయన వంక కాదు, నా వంక చూసింది. "విన్నావుటే చూడామణీ? నీ చెయ్యీ నా చెయ్యీ ఒకటేనట" అంది.

...

ఆఁ? ఏం లేదు. ఆ బీరకాయలు ఇలా పెట్టు, చెక్కు తీస్తా.