తిరగేసి కట్టిన తెప్ప

పెంటమ్మ అని ఒకావిడ ఉండేదంట, జాలరోళ్ళ పేటలో. ఆ పేటలో ఏ తెప్పమీద తెరచాప లేచినా అది ఆవిడ చేతి కుట్టే. ముప్పై ఏళ్ళు కుట్టింది, వేళ్ళన్నీ సూదిపోట్లే. ఆ చాప కింద కూర్చుని ఒక్కపూట సంద్రంలోకి పోవాలని కోరిక, ఇంకో కోరిక లేదనుకో. మొగుడు ఎర్రయ్యని అడిగితే, "ఓలే, మతి పోయిందేటే? ఆడది కాలెట్టిన తెప్పని కులపెద్ద గొడ్డలెట్టి చీల్చీడా? రేపు నేను దేనిమీద వేటకెళ్ళాలి, నీ చేటమీదా?" అన్నాడంట. అదీ నిజమే, ఆ పేట కట్టుబాటు అలాటిది. గంగమ్మ ఆడదని మొక్కుతారు, ఆడదాన్ని ఆవిడ దగ్గరకి పోనివ్వరు. నాకు ఒళ్ళు మండిపోద్ది ఆ మాట చెప్తుంటే.

ఏమైందంటే, అమ్మోరి పండగ మర్నాడు వేటకెళ్ళకూడదు. మగోళ్ళంతా కల్లు తాగి పడున్నారు. అప్పుడే తెల్లారింది. తెప్పంటే మీకు తెలుసుగదా, వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఇసకలో ఆరబెడతారు, వెళ్ళేటప్పుడు మళ్ళీ కట్టుకుంటారు. పెంటమ్మ ఆ దుంగల్ని ఒక్కొక్కటే నీళ్ళదాకా దొర్లించి, తాళ్ళేసి బిగించింది. చాప సంగతి ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు గానీ, ఏ దుంగ ఏ పక్కకి కట్టాలో ఏం తెలుసు? ఎడంపక్కది కుడికీ కుడిపక్కది ఎడమకీ కట్టీసింది. కట్టి, "తల్లీ, తప్పైతే నన్ను తిట్టు, మా ఆయన తెప్పనొగ్గీ" అని మొక్కుకుని, తోసి ఎక్కీసిందంట.

మూడు కెరటాలు మొహాన కొట్టినాయి. నాలుగోదాని మీద లేచి అవతల పడింది. పడి, చాప ఎత్తింది. ఒడ్డుగాలి చాపనిండా పట్టింది, పట్టిందా, తెప్ప ముందుకి దూకింది. తలెత్తి చూస్తే తన కుట్లలోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మీద పడతంది. ముప్పై ఏళ్ళు ఒళ్ళో పెట్టుకున్న గుడ్డకి అంత బలముందని అప్పుడే తెలిసింది. నవ్వొచ్చీసింది. ఒక్కర్తే, అంత నీటి మధ్యన, ఎవరేమనుకుంటారో అని చూడకుండా నోరారా నవ్విందంట.

నవ్వి చూసుకుంటే ఏటి, తెప్ప ఎడమకే పోతంది. తెడ్డేస్తే తిన్నగా వస్తాది, తెడ్డు తీస్తే మళ్ళీ ఎడమకే. భయపడిందా అంటే పడింది, ఎందుకు పడదు? అయినా చాప ఏ మూల లాగితే ఏమవుద్దో ఆ చేతులకి తెలుసు. కాస్త లాగి, కాస్త వదిలి, ఒడ్డుకి తోసే సంద్రం గాలి తిరిగేదాకా అలాగే నెట్టుకొచ్చింది.

ఇక్కడ ఎర్రయ్య లేచి చూస్తే దుంగల్లేవు, పెళ్ళాం లేదు. పేటంతా ఒడ్డుకొచ్చీసింది. కులపెద్ద తాతీలు గొడ్డలి పట్టుకుని మరీ వచ్చాడంట. "తెప్ప పోతే పోనీ, నా పెంటి రావాలి" అని ఎర్రయ్య మొలలోతు నీళ్ళలో నిలబడీపోయాడు. మధ్యాన్నానికి చుక్కంత చాప కనపడింది. చుక్క పెద్దదైంది, పెద్దదై పెద్దదై ఇసకకి తగిలింది. ఎర్రయ్య ఆవిడ రెక్క పట్టుకుని ఏడుస్తున్నాడో తిడుతున్నాడో తెలీదు.

తాతీలు గొడ్డలెత్తినోడు ఎత్తినట్టే ఆగీపోయాడు. దుంగల చుట్టూ తిరిగాడు. "ఓలమ్మా, ఇలా కట్టినదాని మీద నేనైతే మొదటి కెరటమే దాటను. ఇది తెప్పేటి? దుంగల మోపు. మోపు ఎక్కకూడదని కట్టుబాటు లేదు. ఎర్రయ్యా, నీ కట్టెలు నువ్వు తీసుకుపో" అన్నాడు. హమ్మయ్యా అని పేటంతా ఊపిరొదిలింది. పెంటమ్మ ఊరుకుంటాదా? "అయితే పెద్దయ్యా, రేపూ ఇలాగే కట్టుకుంటాను" అందంట.

అలాగే కట్టుకుంది, సత్తువున్నన్నాళ్ళు. ఆడది వెళ్తే తప్పేటని ఒక్క మగోడి నోట రాలేదు చూశారా, సంగతంతా దుంగల మీదకి నెట్టీశారు. నాకదే మంట. సర్లెండి, మనిషి ప్రాణాలతో వచ్చింది, తెప్ప దక్కింది. చాలదనేవాడెవడో, ముందు ఆ మూడు కెరటాలు దాటి చూపించమనండి.