ఒప్పందంలో ఇరుక్కుపోయిన పేరు

బావగారూ, అమ్మాయీ, అల్లుడుగారూ, ముందు వరుసలో కూర్చున్న పెద్ద అధికారులూ, వెనక గోడవారగా నిలబడ్డ డ్రైవర్ తమ్ముళ్లూ, కొట్టు మూసుకుని వచ్చిన టీకొట్టు పిన్నిగారూ, అందరికీ నమస్కారం. ఎండనపడి, పనులు మానుకుని వచ్చారు. ఆ కుటుంబం తరఫున మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పమన్నారు, చెబుతున్నాను.

మన గేటక్క పోయింది. ఈ మాట అనకుండా మొన్నటి నుంచీ తప్పించుకు తిరుగుతున్నాను. ఈవేళ మైకు చేతికిచ్చారు కాబట్టి అనక తప్పలేదు.

నేను క్లియరింగ్ ఏజెంటుని. లారీలు తొందరగా సరిహద్దు దాటేలా చూడటం నా పని. చూడకుండా దాటనివ్వకపోవడం ఈ గేటు దగ్గర కస్టమ్స్ అధికారిగా అక్కయ్య పని. అంటే రోజూ పోట్లాడుకోవడమే మా ఇద్దరి ఉద్యోగం. ఇద్దరం ఉద్యోగాలు శ్రద్ధగానే చేశాం. సాయంత్రం అయ్యేసరికి "ఏజెంటుగారూ, గొంతు ఎండిపోయింది, టీ చెప్పండి" అనేది. ఆ టీ డబ్బులు మాత్రం ఎప్పుడూ తనే ఇచ్చేది. ఏజెంటు చేతి టీ తాగనని ఒట్టు.

మిత్రులారా, కాగితాల రోజులు మీకు గుర్తున్నాయా? ఇన్‌వాయిస్ ఒక చోట, సరుకు ఎక్కడ పుట్టిందో చెప్పే సర్టిఫికెట్ ఇంకో చోట, బీమా కాగితం మరో చోట. ఇక్కడి స్టాంపు అవతల చెల్లదు, అవతలి స్టాంపు ఇక్కడ చెల్లదు. ఒక్క లారీ దాటించేసరికి మా తలప్రాణం తోకకొచ్చేది. అప్పుడు రెండు ప్రభుత్వాలూ చేతులు కలిపాయి. కాగితం ఉండదు, అంతా కంప్యూటర్లోనే, ఇక్కడ నొక్కితే అక్కడ కనబడుతుంది అన్నాయి. మంచి పని. నేను కాదనను. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కానీ అవతలివాళ్లు ఒక ప్రశ్న అడిగారు. తెర మీద కనబడే ఈ సంతకం ఎవరిదని నమ్మాలి? న్యాయమైన ప్రశ్నే. మనవాళ్లేం చేశారు? ఒప్పందం అనుబంధంలో అక్కయ్య పేరు రాశారు. వాళ్లు తమ వైపు ఇంకో ఆయన పేరు రాశారు. "ఫలానా హోదాలో ఉన్న అధికారి" అని రాయాల్సిన చోట మనిషి పేరు రాసేశారు! పక్కన "ప్రస్తుతానికి" అని కూడా రాశారు. ఆ పేరు మార్చాలంటే రెండు ప్రభుత్వాల ఉమ్మడి కమిటీ ఒకచోట కూర్చోవాలి. వీళ్లకి తీరికైతే వాళ్లకి ఎన్నికలు. వాళ్లకి తీరికైతే వీళ్లకి బడ్జెట్టు. ఆ ప్రస్తుతానికి ఈనాటికీ గడువు తీరలేదు.

మొదట్లో అక్కయ్య ఎంత మురిసిపోయిందనుకున్నారు! రెండు దేశాల ఒప్పందంలో తన పేరుందని బావగారికి చూపించిందట. బావగారు బడిపంతులు కదా, అక్షరాలు సరిగ్గా రాశారా లేదా అని చూశారట.

తర్వాత తెలిసింది అసలు సంగతి. ప్రమోషన్ వచ్చింది, అక్కయ్య వెళ్లడానికి లేదు. ఎందుకంటే ఆవిడ వెళితే గేటు ఆగిపోతుంది. బదిలీ లేదు. సెలవు లేదు. ఆ డిజిటల్ సంతకం ఉండే డాంగిల్ ఆఫీసులోని ఆ ఒక్క కంప్యూటర్‌కి పెడితేనే పనిచేస్తుంది. బొటనవేలంత వస్తువు. మనిషిని ఆ కుర్చీకి కట్టేసింది.

ఈ గోదాములో ఇన్ని కుర్చీలు వేయడం నేను ఇంతకుముందు ఒక్కసారే చూశాను. అమ్మాయి పెళ్లికి. ఊళ్లో కల్యాణ మండపాలు లేక కాదు. పెళ్లికూతురి తల్లి గేటు దాటి పోవడానికి లేదు కాబట్టి పెళ్లే గేటు దగ్గరికి వచ్చింది. మూటలు సర్ది, వేదిక కట్టి, హమాలీలు సున్నం కూడా వేశారు. సరిగ్గా పెళ్లి జరుగుతుండగా అవతల కోడిపిల్లల లారీ వచ్చి నిలబడింది. ఎండకి పిల్లలు చచ్చిపోతాయి. పట్టుచీరతోనే అక్కయ్య పరుగు. ఇక్కడ మగపెళ్లివారు "అమ్మాయి తల్లి ఏదండీ?" అని అడుగుతుంటే బావగారు తాంబూలం పళ్లెం ముందుకు జరిపారు. నేను చెప్పాను, "కోడిపిల్లల్ని సాగనంపి వస్తుంది" అని. అందరూ నవ్వారు. ఇప్పుడు మీరూ నవ్వుతున్నారు. అమ్మాయీ, నువ్వు ఆరోజు నవ్వలేదు. నాకు తెలుసమ్మా.

ఇంకో సంగతి చెప్పాలి. అక్కయ్య ఏ లారీకీ చూడకుండా సంతకం పెట్టలేదు. కంప్యూటర్లో అన్నీ సరిపోతే పక్కన పచ్చ గుర్తు పడుతుంది. ఇక నొక్కడమే. ఒకసారి నా లారీకి పచ్చ గుర్తు పడింది. ప్లాస్టిక్ కుర్చీల లోడు. "నొక్కవమ్మా తల్లీ, పచ్చగా ఉందిగా" అన్నాను. నా వైపు ఒక చూపు చూసింది. "ఆ పచ్చ గుర్తు లారీ ఎక్కి చూసిందా?" అంది. వెళ్లి టార్పాలిన్ ఎత్తించింది. కుర్చీల వెనక యాసిడ్ డ్రమ్ములు. ఒకటి కారుతోంది. మూడు వందల మైళ్లు దాని ముందు కూర్చుని వచ్చిన డ్రైవర్‌కి ఆ సంగతే తెలియదు. ఆ తమ్ముడు ఈరోజు ఇక్కడే ఉన్నాడు, ఆ స్తంభం పక్కన. అందుకే చెబుతున్నాను, ఆవిడ సంతకం అంటే ఒకే అర్థం. ఆవిడ చూసింది అని.

గుండెలో నొప్పి వస్తోందని మాకు చెప్పలేదు. బావగారికి చెప్పింది. డాక్టరు వెంటనే నగరానికి వెళ్లి ఆసుపత్రిలో చేరమన్నాడు. "వచ్చే నెల కమిటీ కూర్చుంటుందట, పేరు మారుస్తారు, అప్పుడు చేరతాను" అందట. బావగారు బతిమాలారు, అలిగారు, రెండు పూటలు అన్నం మానేశారు. ఆవిడేం చేయగలదు చెప్పండి? నిజంగానే వెళ్లడానికి లేదు కదా! వెళితే ఎన్ని లారీలు ఆగుతాయో, ఎన్ని సరుకులు కుళ్లుతాయో మాకంటే ఆవిడకే బాగా తెలుసు. మేమే ఆవిణ్ణి కదలనివ్వలేదు. చట్టమూ కదలనివ్వలేదు. ఆదివారం పొద్దున, ఆఫీసుకి బయల్దేరుతూ, గుమ్మంలో పడిపోయింది.

పోయాకైనా వదిలారా? లేదు. అదే నా బాధ, అదే నా కోపం. చావు ఇంట్లో ఏడుపు ఆగకముందే పెద్దాఫీసు నుంచి మనిషి వచ్చాడు. "డాంగిల్ ఎక్కడుందండీ, పాస్‌వర్డ్ మీకు తెలుసా?" అని బావగారిని అడిగాడు. కమిటీ కూర్చునేదాకా కొన్నాళ్లు ఆవిడనే కొనసాగిద్దాం అన్నాడు. కొనసాగించడం! సర్వీసు రికార్డులో ఆవిడ ఈరోజు కూడా డ్యూటీలోనే ఉంది, తెలుసా మీకు? చనిపోయినట్టు రాస్తే సంతకం చెల్లదు కాబట్టి ఇంకా రాయలేదు. బావగారిని నువ్వు ఒప్పించు అని నన్ను అడిగారు. నావి నాలుగు లారీలు ఆగి ఉన్నాయి కాబట్టి ఒప్పిస్తాను అనుకున్నారు.

ఒప్పించాలా? నేనూ ఆలోచించాను. అబద్ధం ఎందుకు? రెండు గేట్ల మధ్య లారీలున్నాయి. ముందుకు పోవాలంటే ఆవిడ సంతకం కావాలి. వెనక్కి రావాలన్నా రద్దు చేయడానికి ఆవిడ సంతకమే కావాలి. అక్కడ చెట్టు లేదు, నీళ్లు లేవు. మనమే కంచె మీంచి అన్నం పొట్లాలు అందిస్తున్నాం. అందుకని పొద్దున కంచె దగ్గరికి వెళ్లి వాళ్లనే అడిగాను. టమాటా లోడు తెచ్చిన పెద్దాయన ముందుకొచ్చాడు. ఆ లోడు అప్పటికే వాసనేస్తోంది. ఆయనన్న మాట ఉన్నదున్నట్టు చెబుతాను. "మా లారీలు ఆ తల్లి చూడలేదు గదా సారూ. చూడనిదానికి ఆమె సంతకం మాకొద్దు. సరుకు పోతే పోయింది. ఆమెను పోనియ్యండి."

బావగారూ, ఆ డాంగిల్ మీ చొక్కా జేబులో ఉందని నాకు తెలుసు. ఎవరికీ ఇవ్వకండి. ఎవరూ అడగరు, మేమున్నాం.

ఇక ముందు వరుసలోని అయ్యలకి ఒక మాట. మా వైపు పెద్దాఫీసు నుంచి ముగ్గురు వచ్చారు. అవతలి ప్రభుత్వం నుంచి, పాపం, కాలినడకన గేటు దాటి ముగ్గురు వచ్చారు. మీరు పూలు తెచ్చారు, సంతోషం. కానీ నేను ఇందాకటి నుంచీ మీ మొహాలు లెక్కపెట్టుకుంటున్నాను. మీ ఆరుగురే కదండీ ఆ ఉమ్మడి కమిటీ? ఇన్నేళ్లుగా కుదరలేదన్నారు. ఇప్పుడు కుదిరింది. ఒకే వరుసలో, పక్కపక్కనే కూర్చున్నారు. ఆవిడ బతికుండగా ఒక్కసారి ఇలా కూర్చుని ఉంటే, ఈ సభ ఉండేది కాదు.

ఆ ఒప్పందం కాగితం ఇక్కడికే తెప్పించండి. ఆవిడ పేరు కొట్టేసి, హోదా రాయండి. అవతలి గేటు దగ్గర ఇంకో మనిషి అలాగే కట్టేసి ఉన్నాడు. ఈవేళ ఈ సభకి కూడా రాలేకపోయాడు. ఆయన పేరూ కొట్టేయండి.

ఇలాంటి సభల్లో చివర రెండు నిమిషాలు మౌనం అంటారు. నేను నిమిషాలు చెప్పను. ఆ ఆరుగురూ సంతకాలు పెట్టేదాకా నిలబడదాం. ఒక్క మాట లేకుండా, ఎవరినీ తిట్టకుండా, కదలకుండా నిలబడదాం.

అందరూ లేవండి.

అక్కయ్యా, నువ్వు మాత్రం లేవక్కర్లేదు.