మౌసు కనబడింది, పెన్‌డ్రైవ్ కనబడలేదు

భవానీపురం, 2008. ఆదివారం పొద్దున. హాల్లో బల్ల దగ్గర జయకృష్ణ, వంటింటి గుమ్మంలో అతని భార్య శివపార్వతి.

“మళ్ళీ ఆవిడేనా ఫోను?”

“ఆఫీసు పని పార్వతీ. రేపు కైకలూరు చేపల చెరువు మీద ఈ సర్క్యూట్ బోర్డు చూపించాలి. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఎక్కట్లా. అంతమంది రైతుల ముందు పరువు పోతుంది.”

“పొద్దుట్నించీ సుధామణిగారు, సుధామణిగారు. ఆవిడ చెబితేగానీ మీ చెయ్యి కదలదా?”

“మా మేనేజరే తల్లీ!”

“ఆదివారం కూడానా?”

“అసూయ నీకు.”

“అవును, అసూయే. కుళ్ళిపోతున్నా. చాలా?”

“ఛ, ఆవిడ నాకు అక్కలాంటిది.”

“అబ్బ, ఆ ఏడుపు కాదండీ నాది! ఆవిడ చదివిందీ ఎలక్ట్రానిక్స్ డిప్లొమానే, నేను చదివిందీ డిప్లొమానే. ఆవిడ బోర్డులు చేయిస్తోంది, నేను పిండి రుబ్బుతున్నా.”

“మిక్సీ ఉందిగా.”

“అది పాడైతే బాగుచేసిందీ నేనే! పోయిన నెల మీ బోర్డు వైర్లకి చీటీలు రాసి కట్టానే, ఆఫీసులో ఏమన్నారు?”

“ఏమంటారు... ఎవరూ చూళ్ళా.”

“ఒక్కళ్ళు కూడా?”

“నన్ను పని చూసుకోనీ.”

“అసలేం చేస్తోందా బోర్డు?”

“నీకెందుకూ... పెన్‌డ్రైవ్ గుచ్చగానే లైటు వెలిగి ఆరిపోతోంది. బోర్డుకి అది కనబడట్లా. సాఫ్ట్‌వేర్ రెండుసార్లు మార్చా.”

“మౌసు పెట్టి చూశారా?”

“మౌసు కనబడుతోంది.”

“మరింకేం! మౌసుకి కాస్త కరెంటు చాలు, పెన్‌డ్రైవ్‌కి ఎక్కువ కావాలి. మీ సప్లై చాలట్లేదు. మీటరు పెట్టండి.”

“పెట్టా. అయిదు వోల్టులుంది.”

“పెన్‌డ్రైవ్ గుచ్చాక పెట్టారా?”

“గుచ్చాక... గుచ్చాక అంటే...”

“పెట్టలేదు. ఇప్పుడు పెట్టండి. ఎంత?”

“నాలుగున్నర... నాలుగు పాయింట్ రెండు.”

“అడాప్టరేదీ? ఓరి దేవుడా, పాత సెల్‌ఫోను చార్జరండీ ఇది!”

“సరిపోతుందనుకున్నా.”

“అటక మీద నా ట్రంకుపెట్టె దించండి. పాలిటెక్నిక్‌లో నేను చేసిన పవర్ సప్లై ఉంది.”

“అదింకా పనిచేస్తుందా?”

“చేసింది నేనండీ. దించండి... ఆ, అదే. వైర్లు నాకివ్వండి. ఇప్పుడు గుచ్చండి.”

“అయిదు. కదలట్లా. వచ్చింది పార్వతీ, పెన్‌డ్రైవ్ వచ్చేసింది!”

“ఆవిడకి ఫోన్ చేసి చెప్పండి.”

“చెప్తాలే.”

“నా పేరు చెప్తారా?”

“ఇప్పుడవన్నీ ఎందుకూ... కాస్త కాఫీ పెట్టు.”

“అదుగో, మోగుతోంది. ఆవిడే. నేనెత్తుతా.”

“వద్దు! నాకివ్వు. పార్వతీ, నాకివ్వు!”

“హలో, నమస్కారమండీ, శివపార్వతిని. బోర్డు పనిచేస్తోందండీ. సప్లై చాలలేదు, నేనే చూశా... ఆ చీటీలా? ఆ రాత నాదేనండీ... ఏంటీ? ఉద్యోగానికి రమ్మని మూడుసార్లు కబురు పెట్టారా? ... నాకిష్టం లేదన్నారా, మా ఆయన?”

“పార్వతీ, అదీ...”

“ఎందుకు చెప్పలేదండీ నాకు?”

“నువ్వొస్తే ఇక నన్నెవరు అడుగుతారే అక్కడ?”

“... సుధామణిగారూ, లైన్లో ఉన్నారా? రేపు కైకలూరు నేనూ వస్తున్నానండీ. ఈ సప్లై సంగతి మా ఆయనకి తెలీదు.”